రోజుకొకసారి చనిపోయిన ఎల్లమ్మ

ఎల్లమ్మ చనిపోయి ముప్పై ఒక్క ఏళ్లయింది. అయినా ఆ కార్తీకంలో, దబీర్‌పురాలోని తన సొంత ఇంట్లో, పదకొండు సార్లు చనిపోయింది. పన్నెండోసారి చనిపోయింది మంగళవారం పొద్దున, పెనం మీద జొన్నరొట్టె పొంగుతున్న వేళకు.

"యశోదా, అమ్మ ఏది?" అంటూ సాయిలు వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. ఒకప్పుడు రెండు చేతులా రెండు నిండు పాలక్యాన్లు ఎత్తిన భుజాలు ఇప్పుడు చొక్కాలో ఎక్కడున్నాయో వెతకాలి.

అతని భార్య యశోద రొట్టె తిప్పింది. వెనక్కి చూడకుండానే చెప్పింది.

"మీ అమ్మ పోయి ముప్పై ఒక్క ఏండ్లాయె. నిన్న గూడ చెప్పిన."

నిన్న చెప్పింది నిన్ననే పోయింది సాయిలుకు. నుదుటి మీద ముందు ఒక ముడత పడింది, తర్వాత కింది పెదవి వణికింది. "నాకు ఒక్కలన్న చెప్పకపోతిరి గదా" అన్నాడు. వాకిట్లో నల్లా దగ్గరికి పోయి, బట్టలు కూడా విప్పకుండా బకెట్టెడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకున్నాడు. నీళ్లోడుతూ లోపలికి వచ్చి, ఆమె పక్కనుంచి చేయి చాపి గ్యాసు పొయ్యి ఆర్పేశాడు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. ఆ ఇంట్లో వండింది తినకూడదు. చుట్టాలు ఎవరైనా వండి తెస్తే అదే రెండు ముద్దలు తినాలి. వాళ్ల కులంలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. సాయిలు ఈ ఏడాదిలో కొడుకు పేరు మరిచాడు, పాయఖానా ఏ వైపో మరిచాడు, అన్నం తిని చేయి కడుక్కుంటూనే తిన్నానన్నది మరిచాడు. ఇది మాత్రం మరవలేదు.

గోడ వారన కటిక నేల మీద చతికిలబడ్డాడు. గంట తిరిగేసరికి ఎవరు పోయారో, అసలు ఎవరైనా పోయారో లేదో తెలియదు. ఏడుపు మాత్రం ముఖం మీద నుంచి దిగలేదు. పొద్దు వాలేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ గొంతు దిగలేదు.

యశోద నోరు మంచిది కాదని గల్లీ అంతా అంటుంది. అంటే అననీ. ఆ నోట్లోంచి తిట్టు వచ్చింది, ఎత్తిపొడుపు వచ్చింది, అబద్ధం మాత్రం రాలేదు. పద్దెనిమిదేళ్లకు ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు రెండో తరగతి చదువు, పద్నాలుగు బర్రెల పేడ. చదువు అక్కడే ఆగింది. పేడ ఎత్తడం ముప్పై ఏళ్లు సాగింది.

వచ్చిన మొదటి వానాకాలంలోనే ఆమె సంగతి అందరికీ తెలిసింది. క్యాను కడిగి, నీళ్లు పూర్తిగా వంచకుండానే పాలు పోశారెవరో. గిద్దెడు నీళ్లు ఉంటాయేమో. పన్నెండు లీటర్లలో గిద్దెడు ఎవరికి తెలుస్తుంది? యశోదకు తెలుసు. గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్లందరూ చూస్తుండగా క్యాను వాకిట్లోకి ఈడ్చి మోరీలో పారబోసింది. అత్త ఎల్లమ్మ నెత్తి కొట్టుకుంది. సాయిలు మాత్రం సైకిలెక్కి, రోజూ పాలు పోసే వాడిక ఇళ్లన్నీ తిరిగి, "ఇయ్యాల పాలు లేవు, మా ఇంటామె పారబోసింది" అని చెప్పి వచ్చాడు. ఎక్కడా తల దించుకుని చెప్పలేదు. ఆ రోజు నుంచి అతను ఎవరి దగ్గర కూర్చున్నా ఒకటే మాట: "మా యశోద చెప్పిందంటే చెప్పిందే. దాని నోట్లకెళ్లి అబద్ధం రాదు."

ఇప్పుడు అదే ఆమె మెడకు చుట్టుకుంది. కొడుకు గోవర్ధన్ ఏం చెప్పినా సాయిలు నమ్మడు. కోడలు స్వరూప చెప్తే తల పక్కకు తిప్పుకుంటాడు. అందరినీ అడిగి, చివరికి యశోద దగ్గరికే వస్తాడు. "నువ్వు చెప్పు" అంటాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు నమ్ముతాడు. నమ్మి, పోయి నెత్తిన నీళ్లు పోసుకుంటాడు.

జబ్బు బయటపడింది రెండేళ్ల కింద. బర్రెలు అమ్మేసి అప్పటికి పద్దెనిమిదేళ్లు. బస్తీల నడుమ కొట్టాలు ఉండొద్దని మున్సిపల్ ఆఫీసు వాళ్లు లొల్లి పెడితే, ఒక్కొక్కటే జల్‌పల్లి పక్కనున్న పాలవాళ్ల పాలు చేశారు. అట్లాంటిది ఒకరోజు సాయిలు అటక మీది పాత క్యాను దించుకుని వీధిలోకి పోయాడు. నాలుగిళ్ల అవతల ఉండే జుబేదా ఆపా, యాభై ఏళ్ల వాడిక మనిషి, అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"మా గుమ్మంల నిలబడి గిన్నె తెమ్మన్నడు యశోదా" అంది. "తెచ్చిన. ఖాలీ క్యాను వంచి పోసిండు. బస్, బస్ అని లోపలికి పట్టుకపోయిన."

"ఆయనను పిచ్చోన్ని చేసి ఆడిస్తున్నవా ఆపా? క్యాను ఖాలీగ ఉన్నదని చెప్పరాదా?"

జుబేదాకు కోపం రాలేదు. "పాలు పోసి వస్తున్న అనుకొని ఎంత ఖుషీగ నడిచొచ్చిండో చూడకపోతివి" అని వెళ్లిపోయింది. యశోద ఆమెతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు.

ఎల్లమ్మ చావులు మొదలయ్యాక సాయిలు కరిగిపోవడం మొదలైంది. ప్రతి ఆదివారం గోవర్ధన్ తండ్రిని తన సరుకుల ఆటోలో కూర్చోబెట్టుకుని బేగంబజార్ తీసుకుపోతాడు. అక్కడ పప్పు బస్తాలు తూచే కాటా మీద నిలబెడతాడు. యాభై రెండు కిలోల మనిషి మొన్నటి ఆదివారానికి నలభై ఐదుకు దిగాడు. ఆస్పత్రిలో డాక్టరు చూసి, నలభై మూడుకు దిగితే చేర్చుకోక తప్పదన్నాడు. సెలైను ఎక్కించాలి, సూది పీకేసుకునే మనిషి కాబట్టి మంచం కమ్మీకి చేతులు కట్టవలసి రావచ్చు. డాక్టరు అది మామూలుగానే చెప్పాడు. యశోద మాత్రం ఇంటికి వచ్చేదాకా భర్త మణికట్ల వైపే చూస్తూ కూర్చుంది.

ఆ ఆస్పత్రిలో మతిమరుపు జబ్బుల విభాగానికి ప్రతి గురువారం ఇంటివాళ్లను పిలిచి మాట్లాడే ఏర్పాటు ఉంది. మాట్లాడే పిల్ల స్వీటీ. రైల్వేలో పనిచేసిన బాబురావు కూతురు, దబీర్‌పురా స్టేషన్ వెనక పెరిగింది. చిన్నప్పుడు చెంబు పట్టుకుని యశోద వాకిట్లో పాలకు నిలబడ్డ పిల్లే. యశోదకు ఆస్పత్రిలో ఎవరి మీదా నమ్మకం లేదు కానీ, చెంబు కడిగి తెచ్చే పిల్ల అని స్వీటీ మీద కొంత గౌరవం ఉంది.

"కొత్త ఇంజెక్షన్లు వచ్చినయట గదా బిడ్డా" అని ఆ గురువారం అడిగింది. "మా గోవర్ధన్ ఫోన్ల చూపిచ్చిండు. అవి పొడిస్తే మతికొస్తదంట."

"వచ్చినయ్ పెద్దమ్మా. ఉన్నదున్నట్టు చెప్త నీకు" అంది స్వీటీ. "ఈ జబ్బుల మెదడుల గసి లెక్క ఒకటి పేరుకుంటది. ఆ మందులు దాన్ని తీస్తయి. కాని జబ్బు ఇంక మొదట్ల ఉన్నోళ్లకే ఇస్తరు. వాళ్లకైనా జర నెమ్మదైతది గంతే, ఆగదు. పోయిన మతి మల్ల రాదు. కొందరికి మెదడు వాస్తది, రక్తం కారుతది, మాటిమాటికి స్కానింగ్ తీసి చూడాలె. పెద్దనాయిన ఆ మెట్టు ఎప్పుడో దాటిండు."

యశోద చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ముందుగాల్నే తెచ్చి ఉంటే?"

"ముసలితనం అనుకున్నరు. అందరు గట్లనే అనుకుంటరు. ఇప్పుడు రక్తపరీక్షతోటి జల్ది పట్టుకునే దారులు వస్తున్నయ్, అవి మన దాక రానీకి ఇంక టైం పడ్తది. మీరు చేసేది ఒకటున్నది. నువ్వు, గోవర్ధనన్న బీపీ, షుగరు చూపిచ్చుకోండ్రి. చెవి వినపడకుంటే ఊకుండకండ్రి. అవి గూడ ఈ జబ్బును దగ్గరికి తెచ్చేటియే అని పరిశోధనలు చేసినోళ్లు చెప్తున్నరు."

"నా చెవులకేం కాలె. గల్లీల నన్ను తిట్టేటియి ఒక్కటి పోకుంట వినపడ్తున్నయ్."

స్వీటీ నవ్వి, మళ్లీ నవ్వు ఆపుకుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"పెద్దమ్మా, ఆయన వాళ్లమ్మను అడిగినప్పుడు నువ్వేం చెప్తున్నవ్?"

"ఉన్నదే చెప్తున్న. పోయింది అని."

"ఆయనకు ఆ మాట ప్రతిసారి కొత్తదే. మొదటిసారి విన్నట్టే గుండె పగుల్తది. ఇంకొకటి విను. కొన్నేండ్ల కింద బయటి దేశంల ఇటువంటి జబ్బున్నోళ్లను కూసోపెట్టి ఏడుపొచ్చే సినిమా ముక్కలు చూపిచ్చినరు. కొంచెం సేపటికి వాళ్లు చూసింది మర్చిపోయిన్రు. కడుపుల దుఃఖం మాత్రం అట్లనే ఉండిపోయింది. ఎందుకేడుస్తున్నరో తెల్వకుంట ఏడుపు. పెద్దనాయిన పొద్దుందాక గోడకు కూసునేది గదే. మాట పోతది, నొప్పి పోదు."

యశోదకు ఈ మాట తగిలింది. తగిలిన చోట చెయ్యి పెట్టుకుని చూపించే మనిషి కాదు కనుక మాట మీద మాట వేసింది.

"అంటే ఏందిప్పుడు? నలభై తొమ్మిదేండ్లు కాపురం చేసిన మొగనికి అబద్ధం చెప్పుమంటవ్. ఆయన నమ్మేది నన్నొక్కదాన్నే. గదాన్ని గూడ పాడు చేసుకోవాల్నా?"

"అబద్ధం చెప్పుమంటలేను. సచ్చిందా బతికిందా అన్న ఆ లొల్లికే పోవద్దంటున్న. వాదులాడొద్దు, సరిదిద్దొద్దు. ఆయన అమ్మను అడుగుతుండంటే ఏదో కావాలె. ఏం కావాల్నో ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. అది చెప్పకుండా యశోద లేచింది. స్వీటీ ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టి, ఇంట్లో చదువుకొమ్మంది. ఒకసారి ఒకే మాట చెప్పడం, జేబులో పేరూ ఫోను నంబరూ ఉన్న చీటీ పెట్టడం, ఉన్నట్టుండి మనిషి మరీ మారిపోతే జ్వరమో మూత్రంలో మంటో ఉందేమో చూపించడం, చూసుకునేవాళ్లు కూడా వారానికి ఒక పూట విడుపు తీసుకోవడం, ఇట్లాంటివన్నీ అందులో ఉన్నాయి.

"అద్దాలు తేలేదు బిడ్డా, తర్వాత చూస్త" అంది యశోద. కాగితం సంచిలో వేస్తుంటే అద్దాల డబ్బా టక్కుమంది. స్వీటీ విననట్టే కిటికీ వైపు చూసింది. దీన్ని యశోద అబద్ధాల్లో జమ చేయదు.

ఆ మరుసటి రోజే స్వరూప ఒక ఉపాయం చేసింది. పొద్దున్నే పదిహేనోసారి ఎల్లమ్మ చావు కబురు విని సాయిలు గోడకు కూర్చున్నాడు. స్వరూప అన్నం, పప్పు పళ్లెంలో పెట్టి గుడ్డ కప్పి, వెనక తలుపులోంచి గల్లీలోకి పోయి, ముందు వాకిట్లోంచి లోపలికి వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మామా, ఉప్పుగూడ చుట్టాలు బువ్వ పంపిచ్చిన్రు. రెండు ముద్దలు తిను."

చావింటికి చుట్టాలు పంపిన అన్నం. అది తినవచ్చు. సాయిలు పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మూడో ముద్ద కలుపుతూ అతను తలెత్తి, తలుపు దగ్గర నిలబడ్డ భార్యను చూశాడు.

"ఉప్పుగూడకెళ్లి వచ్చిందేనా? నువ్వు చెప్పు."

ఊరుకుంటే సరిపోయేది. తల తిప్పుకున్నా సరిపోయేది. కానీ ఆ 'నువ్వు చెప్పు' వింటే యశోదకు వెన్ను నిటారుగా అవుతుంది, అది ఆమె అలవాటు.

"మన పొయ్యి మీద వండిందే" అంది.

సాయిలు ముద్దను పళ్లెంలోనే విడిచాడు. చేయి తుడుచుకున్నాడు. కోప్పడలేదు. ఎవరో చిన్నపిల్ల తప్పు చేస్తే చూసినట్టు కోడలి వైపు చూశాడు. స్వరూప అత్తను ఒక్క మాట అనలేదు. పళ్లెం తీసుకుపోయి, గిన్నెలు తోమే చోట చాలాసేపు నల్లా తిప్పి ఉంచింది.

అనే పని సాయంత్రం కొడుకు చేశాడు. గోవర్ధన్ తల్లికి ఎదురు చెప్పే పిల్లాడు కాదు. నలభై నాలుగేళ్లొచ్చినా ఆమె ముందు గొంతు పెంచడు. ఆ రోజూ పెంచలేదు.

"అమ్మా, నాయినమ్మ ఒక్కసారే పోయింది" అన్నాడు. "నువ్వు రోజూ పంపిస్తున్నవ్. రేపు మాపు బాపును గూడ పంపిస్తవ్."

"అబద్ధం చెప్పి బతికిచ్చుకుందామంటవా?"

"ఎట్లన్న బతికిచ్చుకుందామంటున్న. ఎల్లుండి ఆదివారం. కాటా ఎక్కియ్యాలంటే నాకు కాళ్లాడ్తలేవు."

ఆ రాత్రి యశోద అద్దాలు పెట్టుకుని స్వీటీ ఇచ్చిన కాగితం తీసింది. అక్షరం అక్షరం కూడగట్టుకుంటూ మూడు వరుసలు చదివింది. 'వారి ప్రశ్న వెనుక ఉన్న అవసరాన్ని' అన్నచోట ఆగిపోయి, మడిచి దిండు కింద పెట్టుకుంది.

శనివారం పొద్దున మళ్లీ పిండి కలుపుతోంది. మళ్లీ గడప దగ్గర నీడ పడింది.

"యశోదా, అమ్మ ఏది?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగింది. చేతికి పిండి ఉండగానే అతని వైపు తిరిగింది. ఇన్ని రోజుల్లో, అతను ఆ ప్రశ్న అడిగినప్పుడు ముఖం చూడటం అదే మొదటిసారి.

"ఎందుకయ్యా? అమ్మతోని ఏం పని?"

సాయిలు తికమకపడ్డాడు. ఇట్లా అడుగుతారని అనుకోలేదు. అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చి, ఎవరికీ వినిపించకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"బర్రె చేపుతలేదే. దుడ్డె సచ్చిపాయె గదా. పొదుగు రాయి లెక్కయింది, చెయ్యి పెడితే తన్నుతుంది. అమ్మకైతే తోలు కుట్ట వస్తది. జల్ది పిలువు."

యశోద చేతిలోని పిండి ముద్ద తట్టలో పడింది.

ఆమె వచ్చిన మరుసటి ఏడు సంగతి అది. గౌరి అనే బర్రె ఈనిన ఆరో రోజు దుడ్డె చచ్చిపోయింది. దుడ్డె నోరు తగలనిదే గౌరి పాలు చేపదు, చుక్క కూడా కిందికి వదలదు. మూడు రోజులకు పొదుగు ఎర్రబడి గట్టిపడింది. అప్పుడు ఎల్లమ్మ, చచ్చిన దుడ్డె తోలును ఉప్పు పట్టించి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, దబ్బనంతో సుత్లి తాడు వేసి కుట్టింది. అంచులు దగ్గరికి పట్టుకొమ్మని కోడలిని పిలిచింది. పందొమ్మిదేళ్ల యశోద పట్టుకోనంది. దొంగ దుడ్డెను చూపించి పాలు గుంజుకోవడం పాపమంది. ఎల్లమ్మ ఆమె చేతులు లాగి తోలు మీద పెట్టి, "పాపమంత నాకు రానియ్, అంచులు నువ్వు పట్టు" అంది.

గౌరి ముందు దాన్ని నిలబెట్టారు. గౌరి వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. కళ్ల కింద తడి చార దిగింది. ఎల్లమ్మ పొదుగు కింద కూర్చుంది. పాలు జలజల చెంబులోకి దిగాయి.

"దానికి తెల్వదనుకుంటున్నవా?" అంది ఎల్లమ్మ, బర్రె కడుపుకు తల ఆనించి. "తోలుకు ఉప్పు వాసన రాదా? పానం లేదని దానికి తెల్వదా? అన్ని తెలుసు. కాని నాకనీకి దానికొకటి కావాలె. లేకుంటే పొదుగు పగిలి సస్తది."

అది పాల కోసం చెప్పిన మాట అని యశోద ఇన్నాళ్లూ అనుకుంది. పాల కోసమే చెప్పి ఉండవచ్చు కూడా. ఎల్లమ్మ అంత దయగల మనిషేం కాదు, కోడలి చేత ఎట్లాంటి చాకిరీ చేయించిందో ఆ కొట్టంలోని రాళ్లకు తెలుసు. కానీ గౌరి మరో రెండు ఈతలు ఈనింది. అదీ నిజమే.

సాయిలు ఇంకా ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. నుదుట చెమట.

"అత్త నాకు నేర్పింది" అంది యశోద. "నేను కుడ్త. నువ్వు అంచులు పట్టు."

అది అబద్ధం కాదు. ఆమె దాన్ని లోపల ఒకసారి తిప్పి చూసుకుంది, ఎక్కడా అబద్ధం లేదు. రొట్టెలు చేసి ఇద్దరికీ పెట్టింది. పొయ్యి వెలుగుతూనే ఉంది, అతను ఆర్పలేదు. ఎవరూ చావలేదు కదా. రెండు రొట్టెలు తిని, "జల్ది పోదాం పా" అన్నాడు.

కొట్టం ఇప్పుడు గోవర్ధన్ సరుకులు పెట్టుకునే గది. మూల గోనెసంచులున్నాయి. గూట్లో దబ్బనం ఉంది, తుప్పు పట్టింది కానీ మొన ఉంది. పాత చీరలు, చింకి దుప్పట్లు కూరి, గోనెను దుడ్డెలాగా వంచి ఆమె కుట్టసాగింది. సాయిలు అంచులు పట్టాడు. గుండీలు సరిగా పెట్టుకోలేని వేళ్లు, ఎక్కడ వదలాలో ఎక్కడ బిగించాలో ఆమె చెప్పకుండానే చేసుకుపోయాయి. "ఆడ వదులైంది, ఇంకొక టాకా ఎయ్యి" అన్నాడొకసారి. అతను ఆమె పనికి వంక పెట్టి ఎన్ని రోజులైందో. ఆమెకు తిట్టాలనిపించింది, తిట్టలేదు.

సాయంత్రం గోవర్ధన్ వచ్చి కొట్టంలో తల పెట్టి చూశాడు. తల్లిదండ్రుల మధ్య నాలుగు కాళ్లూ సరిగా కుదరని గోనె దుడ్డె. తండ్రి దాని వీపు నిమురుతున్నాడు. గోవర్ధన్ చెప్పులు విడిచి, అక్కడే గడప మీద కాసేపు కూర్చుని లేచి పోయాడు. ఆదివారం కాటా నలభై నాలుగు చూపించింది. తండ్రిని కిందికి దించుతూ, "జర ఆగింది" అని మాత్రం అన్నాడు.

ఇంతటితో కుదురుకుంటే యశోద గెలిచినట్టే. అబద్ధమాడకుండా మొగుణ్ణి కాపాడుకుంది అని తనకు తాను చెప్పుకునేది. రెండు రోజులు అట్లాగే చెప్పుకుంది. అతను అమ్మను అడగడం, ఆమె ఏం పని అని అడగడం, ఇద్దరూ కొట్టంలోకి పోవడం.

మంగళవారం పొద్దున సాయిలు వేరే ముఖంతో వచ్చాడు. యశోద దుడ్డె సంగతి ఎత్తింది. పనికి రాలేదు. గౌరి పేరు ఎత్తింది, ఎవరో అన్నట్టు చూశాడు.

"ఇల్లంత దేవులాడిన. అమ్మ యాడ లేదు" అన్నాడు. "అమ్మ మంచం లేదు, చెప్పులు లేవు. వీళ్లందరు నాకు ఏదో దాస్తున్నరు. సచ్చిపోయిందానే? నువ్వు చెప్పు యశోదా. నువ్వు చెప్తే నమ్ముత."

చేతులు ముందుకు చాపి అడిగాడు. మణికట్టు ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేదు. పెనం మీద రొట్టె పొంగింది. దాన్ని తిప్పాలి, ఆమె తిప్పలేదు. మాడిన వాసన వచ్చింది.

"సావలేదు" అంది యశోద.

అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"బేగంబజార్ పోయింది. సుత్లి తాడు తేనీకి."

"నడిచే పోయిందా?"

"గోవర్ధన్ బండిల పోయింది."

రెండోది మొదటిదానికన్నా తేలిగ్గా వచ్చింది. అందుకే ఆమెకు భయమేసింది. ఇంతకాలం ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసుకున్న అబద్ధం, మూత అసలు వేయనే లేదన్నట్టు వచ్చేసింది.

సాయిలు చేతులు దించాడు. ముఖంలో ముడతలన్నీ ఒక్కొక్కటే విప్పుకున్నాయి. "నువ్వు చెప్పినవంటే అయిపాయె" అన్నాడు. గోడ వారన కాకుండా పీట మీద కూర్చున్నాడు. ఆమె మాడిన రొట్టె పక్కన పెట్టి కొత్తది చేసి వేసింది. ఒకటి తిన్నాడు. రెండోది సగానికి తుంచి, సగం తిని, సగం పళ్లెం అంచుకు నెట్టాడు.

"గది అమ్మకు. ఆకలితోని వస్తది."

యశోద ఆ సగం రొట్టెను చిన్న గిన్నెలో పెట్టి మూత వేసింది. పగలంతా అది గట్టు మీద ఉంది. స్వరూప మూత తీసి చూసి, అత్త ముఖం చూసి, మళ్లీ మూత పెట్టింది.

దీపాలు పెట్టే వేళకు సాయిలు కళ్లు వాకిలి వైపు తిరగడం మొదలైంది. యశోద వంటింట్లోకి పోయి తలుపు ఓరగా వేసింది. గిన్నె తీసుకుని కింద కూర్చుంది. రొట్టె ఎండి గట్టిగా ఉంది. అత్త ఉన్నన్నాళ్లూ, ఆమె తిని లేచాక మిగిలిందే యశోద తినేది. ఇప్పుడు అత్త వాటా ఆమె తింటోంది. ఎల్లమ్మ చనిపోయినప్పుడు యశోద ఏడవలేదు, ఏడ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకుంది అంతే. ఇప్పుడు ఆ చావు సంగతి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే మోయాలి. చిన్న చిన్న ముక్కలు తుంచి, ఆఖరి తునక దాకా నమిలి మింగింది. ఖాళీ గిన్నె తెచ్చి అతనికి కనిపించే చోట పెట్టింది.

సాయిలు గిన్నె వైపు చూశాడు.

"అమ్మ తిన్నదా?"

"తిన్నది" అంది యశోద.